చెమ్మ నేల మీద మంచి పరుపు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పాలకొల్లు వైపు పరుపుల కొట్టు. మా నాన్నగారు బూరుగు దూది పరుపులు కుట్టేవారు. నా చేతికొచ్చేసరికి ఫోములు, స్ప్రింగులు వచ్చాయి. కొట్టులోకి వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవే ఇక్కడ రాశాను. టీవీలో చెప్పే సలహాలు పొడి ఊళ్లకీ ఏసీ గదులకీ బాగానే ఉంటాయి. కాలవ గట్టు పక్కన ఇల్లున్నవాళ్లకి లెక్క కాస్త వేరు.

పరుపు కొనేటప్పుడు ముందు ఏం చూడాలి? మెత్తదనమా, ధరా, కంపెనీయా?

ముందు మీ గది చూసుకోండి. తొలకరి పడిన దగ్గర్నుంచి కార్తీకం దాకా మన దగ్గర చెమ్మ వదలదు. ఇంటి వెనక కాలవో, బోదో, చేపల చెరువో ఉంటుంది. గోడకి ఆనించిన బీరువా వెనక బూజు పడుతుంది, మడత పెట్టిన పట్టుచీర మీద మచ్చలొస్తాయి. పరుపు కూడా ఆ గాలిలోనే పడి ఉంటుంది, పైగా రాత్రంతా మన చెమట తాగుతుంది. గాలి ఆడని పరుపుని గాలి ఆడని మంచం మీద వేస్తే రెండు వానాకాలాలు తిరక్కుండానే ముక్క వాసన మొదలవుతుంది.

అందుకే ఎవరొచ్చినా నేను ముందు అడిగేది ఒకటే: గదిలో ఏసీ ఉందా, ఫ్యానేనా? కిటికీలు ఎన్ని? ఆ తర్వాతే మెత్తనా, గట్టిదా అన్న మాట. ధర ఆఖరికి.

నడుం నొప్పికి గట్టి పరుపే మంచిదంటారు. బల్ల మీద పడుకోమన్నారు కూడా. నిజమేనా?

మా చిన్నప్పుడు డాక్టర్లూ అలాగే చెప్పేవారు. ఇప్పుడు ఆ మాట మారింది. స్పెయిన్‌లో చాలాకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందికి సగం మందికి గట్టి పరుపు, సగం మందికి మధ్యరకం పరుపు ఇచ్చి మూడు నెలలు చూశారు. 2003లో ఆ ఫలితాలు వచ్చాయి. మధ్యరకం మీద పడుకున్నవాళ్లకే నొప్పి ఎక్కువ తగ్గింది.

ఎందుకో ఆలోచిస్తే తేలికే. వెన్నెముక కర్రలా తిన్నగా ఉండదు, వంపులుంటాయి. పక్కకి తిరిగి పడుకుంటే భుజం, తుంటి కొంచెం లోపలికి దిగాలి, నడుం దగ్గర పరుపు పైకి వచ్చి ఆనాలి. బల్ల మీద ఆ రెండూ జరగవు. మరీ మెత్తనిదైతే పిరుదులు గుంటలోకి జారి నడుం ఉయ్యాలలా వంగుతుంది. పొద్దున్నే పట్టేసేది అందుకే.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. నొప్పి కాల్లోకి పాకుతున్నా, కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, మూత్రం మీద అదుపు పోయినా పరుపుల కొట్టుకి రావద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మధ్యరకం అని ఎలా తెలుస్తుంది? ప్రతి కంపెనీ ఒక్కో మాట రాస్తోంది.

నిజమే, ఒక కంపెనీ 'మీడియం' ఇంకో కంపెనీ 'సాఫ్ట్' అవుతుంది. చేత్తో నొక్కి చూస్తే ఏమీ తెలియదు, అందరూ చేసేది మాత్రం అదే. చెప్పులు విప్పి పడుకోండి. ఇంట్లో ఎలా పడుకుంటారో అలా, వెల్లకిలా అయితే వెల్లకిలా, పక్కకి అయితే పక్కకి. పావుగంట ఉండండి. వెల్లకిలా పడుకున్నప్పుడు నడుం కింద అరచెయ్యి దూర్చండి. చెయ్యి అటు నుంచి ఇటు ఖాళీగా ఆడిపోతే పరుపు మీకు గట్టిది. అసలు దూరకపోతే మెత్తనిది. కొంచెం బిగువుగా దూరితే సరిపోయినట్టే.

ఆడవాళ్లు కొట్టులో నలుగురి ముందు పడుకోవడానికి మొహమాటపడతారు. రాత్రీ పగలూ ఇంటిపని చేసి నడుం పోగొట్టుకునేది వాళ్లు, పరుపు నొక్కి చూసి బాగుందనేది మగవాళ్లు! మధ్యాహ్నం రెండు, మూడు గంటల వేళ రండి. అప్పుడు బజారంతా కునుకు తీస్తుంటుంది, కొట్లో ఎవరూ ఉండరు. ఏ కొట్టువాడైనా కాదనడు.

మనిషి బరువు కూడా లెక్కలోకి వస్తుంది. తొంభై కిలోలు దాటినవాళ్లకి నాలుగంగుళాల పరుపు చాలదు, ఆరుకి తగ్గకుండా చూడండి.

బూరుగు దూది పరుపు ఇంకా కొనొచ్చా?

కొనొచ్చు, కానీ దాన్ని పోషించే ఓపిక ఉండాలి. ఈ మాట చెప్పడానికి నాకే కష్టంగా ఉంటుంది.

వేసవిలో కాయలు పగిలినప్పుడు వచ్చే ఆ దూది పోగు లోపల గుల్లగా ఉంటుంది, పైన సన్నటి మైనం పూతలాంటిది ఉంటుంది. అందుకే తేలిక, అందుకే నీరు తొందరగా పట్టదు. పాతకాలంలో ఓడల్లో ప్రాణరక్షణ కోట్లలో కూడా ఈ దూదే కూరేవారు. పోగు నున్నగా ఉండటం వల్ల నూలు వడకడానికి పనికిరాదు, కూరడానికే పనికొస్తుంది. ఫ్యాను కింద దాని మీద పడుకుంటే వీపు మండదు. ఆ సుఖం ఫోములో నాకు దొరకలేదు.

చిక్కు ఎక్కడంటే, దూది అణిగిపోతుంది. మనిషి పడుకునే చోట పల్లం పడి పక్కల్లో ఉండలు కడుతుంది. వారానికోసారి ఎండలో వేసి, బెత్తంతో కొట్టి, తిరగేసి వేయాలి. రెండు మూడేళ్లకోసారి విప్పి దూది ఏకించి మళ్లీ కుట్టించాలి. దబ్బనంతో టాకాలు వేసి కుట్టే మనుషులు ఇప్పుడు ఊరికి ఒకరుంటే గొప్ప. దూదిలో పత్తి చెత్త, మిల్లు తుక్కు కలిపేవాళ్లూ ఉన్నారు. కుట్టించుకునేవాళ్లు ఎదురుగా కూర్చుని కూరించుకోండి. బూరుగు దూది చేతిలో పట్టుకుంటే బరువు తెలియదు, జారిపోతుంది. పత్తి అయితే వేళ్లకి అంటుకుని ముద్ద అవుతుంది.

దుమ్ముకి తుమ్ములూ ఆయాసమూ ఉన్నవాళ్లున్న ఇంట్లో మాత్రం వద్దంటాను.

కొబ్బరి పీచు పరుపు ఎలా ఉంటుంది? మన కోనసీమ పీచేనా?

అంబాజీపేట కాయల బజారు చూసినవాళ్లు అలాగే అనుకుంటారు. మన దగ్గర పీచు తీసే మిల్లులున్నాయి, కానీ మీరు కొన్న పరుపులో పీచు ఏ ఊరిదో పరుపుని చూసి చెప్పలేం. ముడి పీచుని మెలితిప్పి ఉంగరాలు చేసి, రబ్బరు పాలు చల్లి, పొరలుగా పేర్చి వేడి మీద అదుముతారు. అదే రబ్బరైజ్డ్ కాయర్. పీచుకీ పీచుకీ మధ్య సందులుంటాయి కాబట్టి గాలి ఆడుతుంది. మన వాతావరణానికి, మధ్యతరగతి జేబుకి ఇది బాగా నప్పిన సరుకు.

ఒట్టి పీచు అయితే గట్టిగా ఉంటుంది. పైన ఒకటి, రెండంగుళాల ఫోమో లేటెక్సో ఉన్నది తీసుకుంటే నేను పైన చెప్పిన మధ్యరకం అవుతుంది. నాసిరకం దాన్ని పట్టుకోవడం ఎలాగంటారా? మూల మీద మోకాలితో ఒత్తి వదలండి. తిరిగి లేవకపోయినా, లోపల పరపర మని పీచు విరిగిన చప్పుడొచ్చినా వదిలేయండి. అయిదారేళ్లకి మధ్యలో దిగడం మామూలే. నెలకోసారి తల వైపుని కాళ్ల వైపుకీ, రెండు వైపులా పడుకునేదైతే మూడు నెలలకోసారి కిందిది పైకీ తిప్పితే దిగడం ఆలస్యమవుతుంది.

ఫోములో 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అంటారు. అంటే ఏమిటి?

ఒక ఘనపు మీటరు ఫోము ఎన్ని కిలోలు తూగుతుందో అదీ డెన్సిటీ. గట్టిదనంతో దీనికి నేరుగా సంబంధం లేదు. 40 డెన్సిటీలో మెత్తని ఫోమూ ఉంటుంది, 20లో గట్టి ఫోమూ ఉంటుంది. కాకపోతే 20ది ఏడాది తిరిగేసరికి చప్పబడిపోతుంది. రోజూ పెద్దవాళ్లు పడుకునే పరుపుకి కింది ఫోము 32కి తగ్గకూడదు.

ఇక్కడే మోసం ఎక్కువ. కవరు మీద 40 రాసి లోపల 20 పెడతారు. దీనికి తూకానికి మించిన సాక్ష్యం లేదు. 72 అంగుళాల పొడవు, 60 వెడల్పు, 6 మందం ఉన్న ఒట్టి ఫోము పరుపు 32 డెన్సిటీ అయితే దాదాపు పదమూడున్నర కిలోలు, 40 అయితే పదిహేడు కిలోలు తూగాలి. గుడ్డ బరువు అదనం. మీది తొమ్మిది కిలోలే తూగిందంటే అది 21 డెన్సిటీ సరుకు. పక్క కిరాణా కొట్లో కాటా ఉంటుంది, మొహమాటపడకండి.

రీబాండెడ్ అని ఇంకొకటి ఉంది. ఫోము ముక్కలు తరిగి జిగురుతో అదిమి చేస్తారు. రంగురంగుల మచ్చలు కనిపిస్తాయి. గట్టిగా, బరువుగా ఉంటుంది, చాలాకాలం దిగదు. దాని బరువుని మామూలు ఫోము లెక్కలో పోల్చకండి. మరీ చవక పరుపుల్లో టీవీ డబ్బాలో వచ్చే తెల్లటి ప్యాకింగు షీటు కూడా పెడుతున్నారు. జిప్పు ఉంటే తీసి చూపించమనండి.

మెమరీ ఫోమ్ మన వేసవికి తట్టుకుంటుందా?

ఫ్యాను గదిలో వద్దు. 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పని మీద విమానాల సీట్ల కోసం తయారైన సరుకు అది. ఒంటి వేడికి మెత్తబడి ఒంటి ఆకారం తీసుకుంటుంది. ఆ గుణమే మే నెలలో మనకి శత్రువు. గదే వేడిగా ఉంటే ఇంకా మెత్తబడి మనిషిని నాలుగు వైపులా చుట్టేస్తుంది, ఒంటి వేడి బయటికి పోదు. రాత్రి కరెంటు పోతే ఇక చెప్పక్కర్లేదు. రాత్రంతా ఏసీ నడిచే ఇంట్లో, కీళ్ల నొప్పులున్నవాళ్లకి పైన రెండంగుళాల పొర వరకూ బాగుంటుంది. జెల్లు కలిపాం, చల్లగా ఉంటుందంటారు. ఆ చల్లదనం పడుకున్న కాసేపే.

స్ప్రింగు పరుపు?

లోపలంతా ఖాళీ కాబట్టి గాలి బాగా ఆడుతుంది. కొంటే పాకెట్ స్ప్రింగే కొనండి. ఒక్కో స్ప్రింగు విడిగా గుడ్డ సంచిలో ఉంటుంది, పక్కవాళ్లు దొర్లినా మీకు తెలియదు. అన్నీ కలిపి కట్టిన పాతరకం స్ప్రింగులో ఒకరు లేస్తే ఇద్దరూ లేస్తారు. అంతర్వేది, నరసాపురం వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో కిటికీ ఊచలకి పట్టిన తుప్పు చూశారుగా? స్ప్రింగుకీ అది తప్పదు.

లేటెక్స్?

డబ్బుంటే అన్నిటికన్నా నాకు నచ్చేది ఇదే. రబ్బరు పాలతో చేస్తారు, నిలువునా చిల్లులుంటాయి, నొక్కి వదిలితే వెంటనే లేస్తుంది. బరువు చాలా ఎక్కువ, మేడ మీదికి ఎక్కించడానికి ముగ్గురు కావాలి. 'నేచురల్' అన్న మాట కవరు మీద ఉంటే చాలదు, బిల్లు మీద రాయించుకోండి.

మా మంచం కింద సామాను పెట్టుకునే పెట్టె ఉంది. దాని మీద ఏ పరుపు వేయాలి?

పరుపు పాడైందని మా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో సగం మంచానివే. పెట్టె మంచానికి పైన ప్లైవుడ్ షీటు బిగిస్తారు. పరుపు కింద చేరిన చెమ్మకి దారి ఉండదు. ఓసారి ఒకాయన పరుపు మీద గొడవకొచ్చారు, అడుగంతా నల్లటి బూజు. వెళ్లి మంచం షీటు ఎత్తి చూస్తే లోపల తడారని దుప్పట్లూ, చింతపండు జాడీ! వడ్రంగిని పిలిచి షీటుకి జానెడు దూరానికొకటి చొప్పున అంగుళం చిల్లులు వేయించండి. పెట్టెలో పొడి సామానే పెట్టండి. కొత్తగా చేయించుకునేవాళ్లు చెక్క పట్టీల మంచం చేయించుకోండి. పట్టీకీ పట్టీకీ మధ్య రెండు, మూడు అంగుళాలకి మించి సందు వదలకూడదు, మించితే ఫోము అందులోకి దిగుతుంది.

నులక మంచం మీద ఫోము పరుపు వేయొచ్చా?

వద్దు. నులక ఎలా వంగితే ఫోమూ అలాగే వంగుతుంది. నులక మంచానికి బొంతే అందం.

మంచం లేకుండా నేల మీద వేసుకుంటే?

వేసవిలో పర్వాలేదు. వానాకాలంలో మన నేలలు చెమరుస్తాయి, పాలరాయి అయితే మరీనూ. తుంగ చాప వేసి దాని మీద పరచండి, పొద్దున్నే లేపి గోడకి నిలబెట్టండి. అలా వదిలేస్తే నెలలో బూజు.

సైజు ఎలా చెప్పాలి?

ఆరు బై అయిదు అని నోటితో చెప్పకండి, టేపు పెట్టి మంచం లోపలి కొలత అంగుళాల్లో రాసుకురండి. కంపెనీ పరుపులు 72, 75, 78 పొడవుల్లో, 36, 48, 60, 72 వెడల్పుల్లో వస్తాయి. తాతలనాటి టేకు మంచాలు వీటిలో ఏదానికీ సరిపోవు, ఆర్డరు ఇచ్చి చేయించుకోవాలి. పరుపు మీ ఎత్తు కన్నా కనీసం ఆరంగుళాలు పొడవుండాలి. మేడ మెట్ల మలుపు వెడల్పు కూడా కొలవండి.

మా అమ్మాయి సారెలో పరుపు పెట్టాలి. ఖరీదైనది ఏది?

ఈ ప్రశ్న వింటే నాకు భయం. మంచం, బీరువా, పరుపు లారీలో ఎక్కించి ఊరంతా చూసేలా పంపుతారు. అంగుళాలు పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుందని పదంగుళాలది అడుగుతారు. దాని మీద నరసాపురం లేసు దుప్పటి పరిస్తే చూడముచ్చటే. ఆ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ అమ్మాయీ అల్లుడుగారూ హైదరాబాదులో రెండో అంతస్తు అద్దె ఇంట్లో ఉంటారు. ఆ పరుపు గుమ్మంలో పట్టదు. పెద్దలు డబ్బు ఇవ్వండి, పరుపు మాత్రం పడుకోబోయే ఇద్దరినీ ఎంచుకోనివ్వండి. లారీ ఎక్కించే ముచ్చట కావాలంటే బీరువా ఉందిగా.

ఆన్‌లైన్‌లో వంద రాత్రులు వాడి నచ్చకపోతే తిరిగిచ్చేయొచ్చంటున్నారు. నమ్మొచ్చా?

మా బోటి కొట్టువాళ్లకి నష్టమైనా చెబుతున్నాను, కొన్ని మంచివే. కొనేముందు మీ పిన్‌కోడ్‌కి తెచ్చివ్వడమే కాదు, వెనక్కి తీసుకెళ్లడం కూడా ఉందో లేదో చూడండి. లంక ఊళ్లకి పంటు దాటించి తెచ్చిన పరుపుని మళ్లీ రేవు దాటించే బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోండి. చుట్ట చుట్టి వచ్చిన పరుపు పూర్తిగా పొంగడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. రసాయనాల వాసన వస్తే కిటికీలు తెరిచి పెట్టండి, కొన్ని రోజుల్లో పోతుంది.

కొత్త పరుపుకి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంచితే ఎక్కువ కాలం మన్నుతుంది కదా?

మన్నదు, కుళ్లుతుంది. తీసేయండి. ఇంట్లో పక్క తడిపే పిల్లలుంటే గుడ్డలా ఉండి నీరు దిగనివ్వని ప్రొటెక్టరు వేసుకోండి. రెగ్జిన్ వేస్తే ఉక్కపోతకి పిల్లాడికి వీపంతా పేలిపోతుంది.

పసిపిల్లలకి ఎలాంటిది?

గట్టిగా, సమంగా ఉన్నది. ఏడాది లోపు బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టాలి. మెత్తటి పరుపులో మొహం కూరుకుపోతే ఊపిరాడదు. చుట్టూ దిండ్లు పేర్చడం కూడా ప్రమాదమే. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెడతారు, అమ్మమ్మలకి కోపం వచ్చినా అదీ వద్దనే చెబుతాను.

మా మామ్మగారు మంచాన పడ్డారు. పుండ్లు పడకుండా ఏ పరుపు వేయాలి?

గాలి మారుతూ ఉండే మోటారు పరుపు వేయండి, మందుల షాపుల్లో దొరుకుతుంది. మామూలు పరుపు మీద దాన్ని పరుస్తారు. కరెంటు పోతే గాలి ఎంతసేపు నిలుస్తుందో అడగండి. ఏ పరుపు వేసినా రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం తప్పదు. మడమలు, తుంటి, నడుం కింద భాగం రోజూ చూడండి. చర్మం ఎర్రబడి నొక్కినా రంగు మారకపోతే డాక్టరుకి చెప్పండి.

పరుపుని ఎండలో వేయొచ్చా? నల్లులు పోతాయా?

దూదిదైతే వేయాలి. ఫోము, లేటెక్స్ నేరుగా ఎండలో వేస్తే పొడిలా రాలుతుంది, నీడలో గాలికి నిలబెట్టండి చాలు. నల్లులు ఎండకి చావవు, నీడ వైపు కుట్లలోకీ మంచం సందుల్లోకీ పోయి దాక్కుంటాయి. రక్తం దొరక్కపోయినా నెలల తరబడి బతుకుతాయి. అందుకే వాడిన పరుపు చవగ్గా వచ్చిందని ఇంటికి తేకండి.

వరదలో తడిసిన పరుపు ఆరబెట్టుకుని వాడొచ్చా?

వానకి ఒక మూల తడిస్తే ఆరబెట్టి వాడుకోవచ్చు. వరద నీళ్లలో మునిగిన ఫోము, కాయరు పరుపులు మాత్రం పనికిరావు. ఆ నీళ్లలో మరుగుదొడ్ల మురుగూ, చచ్చిన జీవాలూ కలిసి ఉంటాయి, లోపలి తడి మన ముసురులో ఎప్పటికీ ఆరదు. బూరుగు దూదిని విప్పి, బాగా ఎండబెట్టి, ఏకించి పశువుల పాకలో పరుపుకి వాడుకున్నవాళ్లున్నారు, మనుషులకి నేనైతే కుట్టను.

లంకల్లో ఉన్నవాళ్లకి ఒక మాట. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టానికి మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. రెండోదాకా ఆగకుండా మొదటిదానికే పరుపులు డాబా గదిలోకో అటక మీదికో ఎక్కించేయండి. తడవకముందు ఒక్కరు మోసే పరుపుని తడిశాక నలుగురు కదపలేరు.

దిండు ఎంత ఎత్తుండాలి?

పక్కకి తిరిగి పడుకుంటే మెడకీ పరుపుకీ మధ్య మీ భుజమంత ఖాళీ ఉంటుంది, అది నిండాలి. వెల్లకిలా అయితే మూడు, నాలుగు అంగుళాలు. బోర్లా పడుకునేవాళ్లకి పలచటిది.

వారంటీ పదేళ్లు అని రాశారు. పదేళ్లూ వాడొచ్చా?

వారంటీ వేరు, ఆయుష్షు వేరు. సాధారణంగా అంగుళం దాకా పల్లం పడితేనే వారంటీ వర్తిస్తుంది, మరక ఉంటే చెల్లదంటారు. పొద్దున్నే నడుం పట్టేసి, గంటలో సర్దుకుంటోందా? బంధువుల ఇంట్లో పడుకున్న రోజు హాయిగా ఉంటోందా? అయితే మీ పరుపు పని అయిపోయింది, వయసు ఎంతైనా సరే. బిల్లు, పరుపుకి కుట్టిన చీటీ దాచండి. కొట్టువాడు పలక్కపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కి ఫోన్ చేయండి. నా మీదైనా సరే.

పాత పరుపుని ఏం చేయాలి?

బూరుగు దూది అయితే ఏకించి దిండ్లు కుట్టించుకోండి. పీచుది కొబ్బరి మొక్కల మొదట్లో పరుస్తామంటారు కొందరు, అందులో రబ్బరూ ఫోమూ ఉన్నాయి, వద్దు. కాలవలో పడేయకండి, తూముకి అడ్డం పడితే పై చేలన్నీ మునుగుతాయి. భోగి మంటలో అసలే వేయకండి. పాత చేటలూ విరిగిన కుర్చీలతో పాటు ఫోము పరుపు కూడా వేసేస్తున్నారు. ఫోము కాలితే వచ్చే నల్లటి పొగలో కార్బన్ మోనాక్సైడుతో పాటు సైనైడు విషవాయువు ఉంటుంది. చంటిపిల్లల్ని ఎత్తుకుని అందరూ ఆ మంట చుట్టూనే నిలబడతారు. కొత్తది కొన్నప్పుడే పాతది తీసుకెళ్లమని కొట్టువాడిని అడగండి. మేము తీసుకెళ్తాం, రీబాండెడ్ చేసేవాళ్లకి ఆ ఫోము ముక్కలు కావాలి.